అల్లం నీళ్ళ గ్లాసు

మా మరదలు పోయిన కబురు నాకు వేరుశనగ చేలో తెలిసింది. పొద్దున ఎనిమిది గంటల వేళ. కలుపు తీస్తూ తల ఎత్తితే గట్టు మీద మా ఇంటామె నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో మూత పెట్టిన కూరగిన్నె అట్లానే ఉంది.

"ఆ పిల్ల లెయ్యలేదయ్యా," అంది.

అరవై దాటిన మనిషిని ఆమె పిల్ల అనే పిలిచేది. కూర ఇద్దామని పోయిందంట. పిలిస్తే పలకలేదంట. మెట్లెక్కి చూస్తే పక్క మీద నిద్రపోతున్నట్టే ఉందంట.

నిజం రాయాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు. ఇంక ఆమె ఇల్లున్న స్థలం ఎవరి చేతికి పోతుందో అనిపించింది. ఎవరికైనా కాగితం రాసిచ్చిందేమో అనిపించింది. ఆమె ఇంటికి పోతూ ముందు మంచినీళ్ళ దొరువు దగ్గర ఆగాను. చుట్టూ ఇసుకలో బండి చక్రాల జాడ ఉందేమోనని చూశాను. వంగి దోసిటితో ఒక గుక్క తాగాను. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. అప్పుడు ఇంటి వైపు నడిచాను. ఏడెనిమిదేళ్ళు పక్కన బతికిన మనిషి పోతే నేను చేసిన మొదటి పని అది.

బిట్రగుంట చర్చిలో ఆమె కోసం ప్రార్థన పెట్టినప్పుడు, కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. నేను లేచాను. మైకు పట్టుకున్నాను. దగ్గు వచ్చింది. కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మాది బోగోలు దగ్గర చిన్న ఊరు. సముద్రం కోసు దూరం. మా తమ్ముడు కుర్రవయసులోనే మద్రాసు పోయి ఓడలో వంటపనికి చేరాడు. ఫిలిప్పీన్స్ అనే దేశంలో పెళ్ళి చేసుకున్నాడు. ఆ దేశమంతా దీవులేనంట. ముప్పై ఏళ్ళు ఓడ మీదా, ఆ దీవుల్లోనూ గడిపాడు. పిల్లలు కలగలేదు. ఓడ పని చాలించుకున్నాక, సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉంటామని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ భార్యే మా మరదలు.

మా నాయన మాకు మిగిల్చింది ఊరి చివర ముప్పై సెంట్ల ఇసుక దిబ్బ. పాసు పుస్తకంలో అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉమ్మడిగా ఉన్నాయి. ఒకరు అమ్మాలంటే రెండోవాళ్ళ సంతకం కావాలి. ఆ దిబ్బలో మా అమ్మ తవ్విన దొరువు ఉంది.

దొరువు అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. ఇసుకలో మనిషి లోతు కూడా లేకుండా తవ్విన గుంట. మా నేలలో అడుగున అంతా ఉప్పు నీళ్ళే. పైన ఇసుక తాగిన వాన నీళ్ళు ఆ ఉప్పు నీళ్ళ మీద మీగడలాగా నిలబడి ఉంటాయి. ఆ మీగడ వరకే మనది. ముంతతో ముంచుకోవాలి. మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. ఆశపడి లోతుకు పోయినా, మోటారు పెట్టి గుంజినా ఉప్పు పైకి వస్తుంది. ఒకసారి వచ్చిందంటే తిరిగి పోదు. మా చుట్టుపక్కల ఇట్లాంటి దొరువులు ఐదు ఉండేవి. రొయ్యల గుంటలు వచ్చాక, వాటి పక్కన బోర్లు పడ్డాక, నాలుగు ఉప్పుబడిపోయాయి. మాది ఒక్కటే మిగిలింది. మా పదిళ్ళ వాళ్ళమూ తాగేది అవే. అందుకని ఆ దిబ్బ వైపు ఎవరు చూసినా నాకు అనుమానమే.

ఆటో దిగిన రోజు ఆమె ఇంట్లోకి రాలేదు. మా ఇంటామె హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే, ఆమె మా తమ్ముడిని ఏదో అడిగి నేరుగా దొరువు దగ్గరకు నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని ముంచుకుని తాగింది. నోట్లో పెట్టుకుని కాసేపు ఆగి మింగింది. స్థలం బేరం చేసేవాళ్ళు అట్లా తాగుతారు. నేను చాలామందిని చూశాను. కొత్త కోడలు గడప తొక్కక ముందే నీళ్ళ రుచి చూడటమేమిటని ఆ రోజే నా మనసులో ముల్లు పడింది.

అడిగి ఉంటే తీరేది. అడగలేదు. మా వైపు తమ్ముడి భార్యతో పెద్దబావ ఎదురుగా నిలబడి మాట్లాడడు. ఆమె ఉన్న గదిలోకి పోడు. వాకిట్లోకి వచ్చేముందు ఒకసారి దగ్గుతాడు. ఆ దగ్గు వినబడితే ఆమె పక్కకు తప్పుకుంటుంది. మా నాయన అట్లాగే చేశాడు, నేనూ అట్లాగే చేశాను. కొందరు ఇప్పుడు ఇవన్నీ వదిలేశారు. నాకు వదలడం చేతకాలేదు. మాట్లాడకుండా ఉండటానికి ఒక వంక దొరికితే నాలాంటివాడు వదులుకోడు.

వాళ్ళ ఇల్లు లేచేదాకా ఇద్దరూ మా ఇంట్లోనే వెనక గదిలో ఉన్నారు. నేను చేను నుంచి వస్తూ వాకిట్లో దగ్గేవాణ్ణి. నాలుగో రోజో ఐదో రోజో, దగ్గి కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి మా ఇంటామె ఒక గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. అల్లం దంచి, తాటిబెల్లం వేసి కాచిన నీళ్ళు.

"ఏంది ఇది?" అన్నాను.

"నీ మరదలు కాచింది. బావగారికి రొమ్ము పట్టేసినట్టుండాది, మూడు పూటలా దగ్గుతుండాడు, ఇట్టా వదిలేస్తే ఎట్టా అని నీ తమ్ముడి చేత చెప్పించి నన్ను కోప్పడింది."

నేను ఆ నీళ్ళు తాగలేదు. కరివేపాకు చెట్టుకు పొయ్యమన్నాను. ఆ చెట్టు ఆ ఏడాది బాగా చిగిర్చింది. దగ్గిన ప్రతిసారీ గ్లాసు వచ్చేది. గ్లాసు వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే అనుమానం, ఈ గ్లాసు వెనకాలే కాగితం వస్తుందని. ఊరికే ఒకరికి ఒకరు ఇంత మర్యాద ఎందుకు చేస్తారు. నా సంతకం కావాలి కాబట్టి చేస్తుంది.

ఇంటి పని మొదలైంది. దొరువుకు ఇరవై అడుగుల దూరంలో ముగ్గు పోశారు. మా తమ్ముడు అందరిలాగా గోడలు లేపి లోపల గ్రావెల్ నింపి పైన స్లాబు వేద్దామన్నాడు. ఆమె కాదంది. మనిషి నిలువెత్తు స్తంభాలు పన్నెండు పోయించింది. వాటి మీద తాటి దూలాలు, దూలాల మీద చెక్కలు, పైన పెంకులు. ఇల్లు అంతా గాలిలో ఉంది. కింద వట్టి ఇసుక. మా ఊళ్ళో అట్లాంటి ఇల్లు ఎవరూ కట్టలేదు.

"కింద ఏం పెడతావమ్మా?" అని మేస్త్రి అడిగాడంట.

"వాన," అందంట.

ఆమెకు తెలుగు రాక అట్లా అందని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పన్నెండు స్తంభాల కింద రెండు లారీలు నిలపవచ్చు. రొయ్యల మేత బస్తాలు వేయవచ్చు. మోటారు పెట్టవచ్చు. చుట్టూ గోడ కూడా వద్దందంటే, లారీ తిరగడానికేనని లెక్క కట్టాను. టీ అంగట్లో నలుగురూ అదే అనుకున్నారు. మేస్త్రిని అడిగాను. వడ్రంగిని అడిగాను. సర్వే ఆఫీసులో నాకు తెలిసిన మనిషినీ అడిగాను. ఒక్క ఆమెను తప్ప అందరినీ అడిగాను.

ఆమె గురించి మా ఇంటామె ద్వారా ఏవో మాటలు వచ్చేవి. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాని రోజుల్లోనే తోడికోడళ్ళ పొత్తు కుదిరింది. చేపలు కడుగుతూ, చింతపండు పిసుకుతూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఏ భాషలోనో నాకు తెలియదు. తెలుగు కాస్త వచ్చాక కూడా ఆమె ఆడా మగా అందరినీ ఒకే తీరుగా అనేది. "బావగారు వచ్చింది," అనేది. మా ఇంటామె ఎంత దిద్దినా బావగారు వచ్చిందే.

ఒకనాడు మా ఇంటామె నవ్వుతూ వచ్చి చెప్పింది. వాళ్ళ దీవిలో పాతకాలంలో ఎవరైనా ఇల్లు మారాలంటే సామాను మోసేవాళ్ళు కాదంట. వెదురుతో కట్టిన ఇల్లే, అందుకని ఇంటి కింద కర్రలు దూర్చి, ఊరంతా కలిసి భుజాల మీద ఇంటినే మోసుకుపోయేవాళ్ళంట. మోసినవాళ్ళకు ఇంటివాళ్ళు అన్నం పెట్టేవాళ్ళంట.

"ఇల్లు మొయ్యడమేంది?" అన్నాను.

"ఏమో. ఈ ఇల్లు కూడా కాళ్ళ మీదనే ఉండాది. పొద్దున్నే లేచి చూసుకో, ఉండాదో లేదో," అంది మా ఇంటామె.

అది ఎగతాళికి అన్న మాట. కానీ నేను ఆ తర్వాత చానా రోజులు పొద్దున్నే లేచి అటు చూసేవాణ్ణి.

దూలాలు వేశాక, పెంకులు కప్పకముందు మా తమ్ముడు పోయాడు. గుండె. కావలి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. కర్మ అయిన మరునాటి నుంచి ఊళ్ళో ఒకటే మాట. ఇంక ఆమె ఉండదు, ఆమెకు ఇక్కడ ఎవరున్నారు, వచ్చిన దారినే పోతుంది, పోతూ పోతూ అమ్మేసి పోతుంది. నేనూ అదే అనుకున్నాను. కాగితం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

ఆమె పోలేదు. నెల తిరగకుండా మేస్త్రిని పిలిపించింది. పెంకులు కప్పించింది.

అప్పుడే బోరు లారీ వచ్చింది. ఆ రోజు సంగతి కాస్త వివరంగా రాయాలి.

పొద్దున పది గంటలప్పుడు లారీ మోత వినబడింది. దొరువు దగ్గరకు పరిగెత్తాను. నా వయసుకు అది పరుగే. లారీ దిబ్బ మీదికెక్కి నిలబడి ఉంది. మేస్త్రి పక్కన ఉన్నాడు. మా మరదలు దొరువు గట్టున చిన్న పీట వేసుకుని కూర్చుని, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని ఏదో కుట్టుకుంటోంది. బోరు ఎక్కడ వెయ్యాలో చూపించి, అది పడేదాకా కావలి కాస్తోందనుకున్నాను. ఆ రోజు దగ్గలేదు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఇది మా అమ్మ తవ్విన దొరువు. దీంట్లో ఉప్పు పొయ్యబాకమ్మా," అన్నాను.

ఆమెతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఆమె సూది ఆపి నా వైపు చూసింది. లేచి నిలబడింది. తల మీద కొంగు కప్పుకుంది. మా ఇంటామె నేర్పి ఉంటుంది. ఏదో చెప్పబోయి, తెలుగు అందక, "మంచిది బావగారూ," అంది. మళ్ళీ అదే పీట మీద కూర్చుంది.

కాసేపటికి లారీ పోయింది. నా మాట వల్లనే పోయిందనుకున్నాను. నిజంగా ఏడేళ్ళ పాటు అట్లాగే అనుకున్నాను. ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. తక్కువ మాట్లాడేవాడు ఒక్క మాటతో పని జరిపించాడని వాళ్ళు మెచ్చుకున్నారు.

ఇల్లు పూర్తయ్యాక మా ఇంటామె పాలు పొంగించింది. ఆమె మాత్రం ఒక చేతిలో బియ్యం గిన్నె, ఒక చేతిలో ఉప్పు గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. వాళ్ళ దేశంలో కొత్త ఇంట్లోకి ముందు అవే పోవాలంట. నాకు బియ్యం కనబడలేదు. దొరువు పక్కన ఉప్పు గిన్నె ఒక్కటే కనబడింది.

అక్కడికి మారాక కూడా గ్లాసు ఆగలేదు. నా చేనికి దారి ఆమె ఇంటి పక్కనుంచే. దొరువు దగ్గరకు రాగానే అలవాటుగా దగ్గేవాణ్ణి. పైన చెక్కలు కిర్రుమనేవి. ఆమె లేచిందని తెలిసేది. నేను నీళ్ళు ముంచుకునేలోపు కింది మెట్టు మీద గ్లాసు ఉండేది, మనిషి కనబడేది కాదు. నేను ఆ గ్లాసు ముట్టుకునేవాణ్ణి కాదు. తిరిగొచ్చేటప్పుడు చూస్తే చీమలు పట్టి ఉండేది. మరునాడు మళ్ళీ కొత్త గ్లాసు.

రెండేళ్ళకు మా ఇంటామె ఉండబట్టలేక ఆమెకు చెప్పేసిందంట, అది రోగం దగ్గు కాదు పిల్లా, మర్యాద దగ్గు, నువ్వు పక్కకు తప్పుకోవాలని దగ్గుతాడని. ఆమె చెక్కల మీద పడి పడి నవ్విందంట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మర్యాదకు దగ్గినా గొంతు నొప్పి నొప్పే కదా అక్కా," అందంట. మరునాడు కూడా గ్లాసు వచ్చింది. ఆ రోజు మాత్రం తాగాను. ఎందుకు తాగానో తెలియదు. ఘాటుగా ఉంది, కడుపులోకి దిగాక వెచ్చగా ఉంది. తాగానని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత రోజూ తాగాను. అయినా అనుమానం పోలేదు. అల్లం నీళ్ళు తాగుతూనే కాగితం కోసం చూశాను. మనిషి మనసు అట్లా కూడా ఉంటుంది.

అనుమానం పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. గుంటలాయన. మా ఊరి ఉత్తరాన ఉన్న రొయ్యల గుంటలన్నీ ఆయనవే. ఎండాకాలంలో గుంటల్లో ఉప్పు మితిమీరితే రొయ్య చస్తుంది. అప్పుడు మంచినీళ్ళు కలపాలి. ఆ మంచినీళ్ళ కోసం ఆయన మా దిబ్బ మీద కన్నేశాడని ఊరందరికీ తెలుసు. ఆయన కారు ఎండాకాలంలో రెండు మూడు సార్లు మా మరదలు ఇంటి ముందు ఆగేది. నేను చేలో నుంచి చూసేవాణ్ణి. ఇంటి కింద నీడలో కుర్చీ వేసేది. రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టేది. ఒకటి కాదు, రెండు. నాకు మెట్టు మీద ఒక గ్లాసు, ఆయనకు కుర్చీ వేసి రెండు గ్లాసులు. ఆయన చాలాసేపు కూర్చుని పోయేవాడు. బేరం ముదురుతోందనుకునేవాణ్ణి.

మా ఇంటామెను అడిగితే, "నీళ్ళ గురించే మాట్లాడుకుంటారంట, నాకేం తెలుసు," అనేది. ఒకసారి విసుక్కుని ఇంకో మాట కూడా చెప్పింది. ఆ పిల్ల పుట్టిన ఊళ్ళో కూడా ఇట్లాగే రొయ్యల గుంటలు వచ్చాయంట. బావులు ఉప్పుబడి ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయిందంట. "ఊరుంది అక్కా, నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే ఊరు నిద్రలో కూడా దప్పి దప్పి అంటుంది," అందంట. నేను అది కూడా నమ్మలేదు. ఇల్లు మోసిన కథలాంటిదే అనుకున్నాను.

చిన్న చిన్న సంగతులు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. ఆదివారం తెల్లచీర కట్టుకుని ఆటోలో బిట్రగుంట చర్చికి పోయేది. వస్తూ మా ఇంటామెకు మల్లెపూలు తెచ్చేది. చెక్కల సందుల్లోంచి దువ్వెన, సూది, చిల్లర సామాను కింద ఇసుకలో పడిపోతే, రోజూ సాయంత్రం వంగి వెతుక్కునేది. మా వాళ్ళకు దొరువులో ముంతే ముంచాలని తెలిసినా తొందర ఉన్న రోజు బక్కెట వేసేవాళ్ళు. ఆమె గట్టు మీద ఉంటే వెయ్యనిచ్చేది కాదు. "ఆగు. అమ్మ ఊరనీ," అనేది. ఆ అమ్మ ఎవరో నాకు ఆలస్యంగా తెలిసింది. మా తమ్ముడు ఆ దొరువు నీళ్ళను ఓడ మీద ఉన్నన్ని రోజులూ అమ్మ నీళ్ళు అనేవాడంట. ఇంటి కింద వట్టి ఇసుక వదిలింది, పెంకుల మీది వాన అందులో ఇంకాలనేనని కూడా అప్పుడే తట్టింది.

శవాన్ని దించేటప్పుడు మెట్లు ఇరుకయ్యాయి. పెట్టె వంగకుండా ఎనిమిదిమంది పట్టుకోవాల్సి వచ్చింది. పదిళ్ళ మగవాళ్ళూ వచ్చి భుజాలు పెట్టారు. మా ఇంటామె కింద నిలబడి చూస్తూ, "ఇల్లు మోసుకుపోతుందని ఎగతాళి చేసినా. ఆమెనే మోస్తుండారే," అని కూలబడిపోయింది. మోసినవాళ్ళందరికీ ఆ రోజు మా ఇంట్లో అన్నం పెట్టింది. మా ఆచారంలో అది లేదు. ఎవరూ వద్దనలేదు.

బిట్రగుంట సమాధుల దగ్గర మేస్త్రి నా పక్కన నిలబడ్డాడు. మట్టి వేశాక చెయ్యి దులుపుకుంటూ అన్నాడు.

"పెద్దాయనా, మీ మరదలు నాకొక పాఠం చెప్పిందయ్యా. బోరు లారీ తెచ్చింది నేనే. కొత్తింటికి బోరు లేకుండా ఎట్టా అని అడక్కుండా తెచ్చినా. లారీ వస్తుందని ఎట్టా తెలిసిందో, పొద్దున ఏడింటికే పీట తెచ్చుకోని దొరువు గట్టున కూర్చునింది. ముందు నా మీద వెయ్యి, ఆ తర్వాత నేల మీద వెయ్యి అనింది. మీరొచ్చేసరికే మేం లారీ తిప్పుకోని పోదామనుకుంటుండాం."

ఏడేళ్ళ నుంచి ఊళ్ళో చెప్పుకున్న నా ఘనత అంతా ఆ మట్టిలో కలిసింది. ఉప్పు పొయ్యబాకమ్మా అన్నాను ఆ పీట మీది మనిషిని. ఆమె మంచిది బావగారూ అంది.

పదకొండో నాడు సాయంత్రం దొరువు దగ్గర ఉన్నాను. కారు ఆగింది. గుంటలాయన దిగి ఇంటి నీడలోకి వచ్చాడు. కుర్చీ కోసం అటూ ఇటూ చూసి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పాపం పోయిందన్నాడు. మంచి మనిషన్నాడు. తర్వాత కాసేపు వాన గురించి, రొయ్య ధర గురించి చెప్పి అసలు మాటకు వచ్చాడు.

"ఆమె ఉండేటప్పుడు ఎట్టా చెప్పినా వినలేదు పెద్దాయనా. వచ్చిన ప్రతిసారీ రెండు గ్లాసులు పెట్టేది. ఒకదాంట్లో ఈ దొరువు నీళ్ళు, ఇంకోదాంట్లో మా గుంటల పక్క బోరు నీళ్ళు. సీసాలో పట్టించి తెప్పించుకునేదంట. రెండూ తాగి అప్పుడు మాట్లాడమనేది. ఆ రెండోది ఎట్టా తాగేది. నోట్లో పెట్టుకోలేం. ఊరికే కూర్చోని కూర్చోని లేచి పోయేవాణ్ణి."

నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆమంటే పరాయి మనిషి, మన కష్టసుఖాలు ఏం తెలుస్తాయి. మీరు మనవాళ్ళు. ఇప్పుడు మీ ఒక్కరి సంతకమే గదా కావాల్సింది."

ఏడెనిమిదేళ్ళ నుంచి నేను ఎదురుచూసిన కాగితం ఆయన చేతిలో ఉంది. ఆమె చేతిలో నుంచి వస్తుందనుకున్నాను. ఆయన నమ్మకంగా నా దగ్గరికి తెచ్చాడు. ఆమె దగ్గర సాగనిది నా దగ్గర సాగుతుందని ఆయనకు ఎందుకు అనిపించిందో, అది ఆలోచిస్తే ఈ రోజుకూ నాకు అన్నం సహించడం లేదు. ఇన్నేళ్ళూ నేను అనుమానించాల్సిన మనిషిని ఒక్కరోజు కూడా అనుమానించలేదు. ఆ మనిషి రోజూ నేను గడ్డం గీసుకునే అద్దంలో కనబడుతూనే ఉన్నాడు.

నాకు గబగబా మాటలు రావు. ఆయన్ను ఉండమని చెయ్యి చూపించి మెట్ల దగ్గరకు పోయాను. మెట్ల కింద ఆమె కొట్టించిన చెక్క ఉంది. దాని మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. వెనకాల సీసా ఉంది, సగానికి పైగా నీళ్ళతో. మూత తీసి వాసన చూశాను. గుంటల వాసనే. ఒక గ్లాసులో అవి పోశాను. రెండో గ్లాసు దొరువులో ముంచాను. రెండూ తీసుకొచ్చి ఆయన ముందు, ఇసుక మీద పెట్టాను.

"తాగు. మాట్లాడుకుందాం," అన్నాను.

ఆయన గ్లాసుల వైపు చూశాడు. నా వైపు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కారు వైపు నడిచాడు. మళ్ళీ వస్తాడు. అలాంటివాళ్ళు వస్తారు. సీసా నిండుగా ఉంచుకోవాలి.

నేను దొరువు గట్టున కూర్చున్నాను. ఆమె పీట అక్కడే ఉంది. ముంచిన చోట నీళ్ళు ఊరుతున్నాయి. ఇసుక గోడలోంచి సన్నగా, చెమట పట్టినట్టు దిగుతాయి అవి. నిండేదాకా కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. ఇంటికి పోదామని లేచి, రోజూ చేసినట్టే, ఆలోచించకుండానే దగ్గాను.

తల ఎత్తి పైకి చూశాను. చెక్కలు కిర్రుమనలేదు. కింది మెట్టు మీద గ్లాసు పెట్టి పెట్టి పడిన గుండ్రటి మచ్చ ఉంది. అందులో బెల్లం జిగురుకు చీమలు ఇంకా తిరుగుతున్నాయి.